ఆదివారం పడని వాన

నేను రిటైరై నాలుగేళ్ళయింది. ఇప్పటికీ మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడూ చిలకలగూడలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, లాప్‌టాప్ తెరిచి, "మేడమ్, ఈ వానల లెక్కలో పెరుగుదల ఉందో లేదో ఒక్కసారి చూడండి" అంటారు. రంగురంగుల గీతలు చూపిస్తారు. నేను గీతలు చూడను. "ఈ అంకెలు ఎవరు రాశారు? ఆ మనిషిని కలిశావా?" అని అడుగుతాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలావిడకు చాదస్తం ముదిరిందని అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇవాళ మీకు చెబుతాను. చెబితే నా పరువు కొంచెం పోతుంది. ఫరవాలేదు, రిటైరైనవాళ్ళకు పరువుతో రోజూ పని ఉండదు.

నాది వాననీటి కాలువల డిజైను పని. సికింద్రాబాద్‌లో కాలువ అంటే ఎవరికీ ఎక్కదు, నాలా అనాలి. గట్టి వాన పడితే ఏ వీధిలోంచి ఎంత నీరు వస్తుంది, దాన్ని మోసుకుపోవడానికి నాలా ఎంత వెడల్పు ఉండాలి అని లెక్క కట్టడం మా సెక్షన్ బాధ్యత. దానికి ఆధారం పాత వానల రికార్డు. ఏటా ఒక్కరోజులో పడ్డ అతి పెద్ద వానను ఏరి, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరుగుతోందా, ఉన్నచోటే ఉందా అని చూస్తాం. గంట గంటకూ కొలిచిన పాత రికార్డు మాకు లేదు కాబట్టి రోజు వాన నుంచే గంట వానను అంచనా వేసుకునేవాళ్ళం. పెరుగుదల లేకపోతే పాత కొలతే చాలు. ఉంటే మాత్రం రేపటి వానకు ఇవాళే చోటు వదలాలి. ఎందుకంటే నాలా ఒకసారి కట్టామంటే రెండు తరాల దాకా ఎవరూ దాని జోలికి పోరు.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు దిగువన ఒక బస్తీకి కొత్త నాలా మంజూరైంది. రెండు వరసల ఇళ్ళు, మధ్యలో ఇరుకు సందు, సందులో ఎప్పటిదో పాత కాలువ. బాగా పల్లం. పెద్ద వాన పడ్డ ఏడాది చివరి ఇళ్ళలోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చేవి. వానల రిపోర్టు నేనే రాశాను. "రోజువారీ పెద్ద వానల్లో పెరుగుదల కనబడలేదు" అని రాసి, సంతకం పెట్టి, పైకి పంపాను. ఆ ఒక్క వాక్యం మీద నాలా వెడల్పు ఆరడుగులని తేలింది.

సున్నంతో గీత వేయించడానికి కూడా నేనే వెళ్ళాను. చివరి ఇంట్లో ఒకావిడ ఉండేది. తెల్లారేసరికల్లా మార్కెట్ నుంచి ఆకుకూర తెచ్చుకుని, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కట్టలు కట్టి, అక్కడే పెట్టి అమ్ముకునేది. ఆమెకు అరుగే దుకాణం. ఆ ఇల్లు కొనుక్కుని వచ్చి రెండు వానాకాలాలే అయింది, ఆ రెండేళ్ళూ వానలు సరిగ్గా పడనేలేదు. సున్నం గీత ఆమె అరుగుకు అడుగు ఇవతల ఆగేసరికి మొహం విప్పారింది.

"మంచిగ కొలిసిండ్రు మేడమ్. నా అరుగు బతికింది. జెర చాయ్ తాగి పోర్రి" అంది.

తాగాను. నాలా కొలతకు వెళ్ళిన ఇంజనీరుకు తిట్లు దొరుకుతాయి గానీ చాయ్ దొరకదు. అంచేత ఆ చాయ్ నాకు కొంచెం తలకెక్కింది కూడా.

ఇక మా డ్రాఫ్ట్స్‌మన్ సంగతి. నాతోపాటు పాతికేళ్ళు ఒకే గదిలో పని చేశారు. నేను భాయ్ అనేదాన్ని. ఆయన గీసిన నాలా నమూనా చూస్తే నీళ్ళు వాటంతట అవే పారతాయని మేము వేళాకోళం చేసేవాళ్ళం. ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ నుంచి వచ్చి నేరుగా నా బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నారు.

"మేడమ్, నా బిడ్డ నికా వానకాలంల వచ్చింది. ఫంక్షన్ హాల్ దొరకలే. ఇంటి ముందట షామియానా ఎయ్యాలె. ఇన్నేండ్ల వానల లెక్క మీ కంప్యూటర్ల ఉంది గదా, వారంల ఏ దినం వాన తక్కువుంటదో జెర చూడుర్రి."

"వానకు వారాలు తెలుస్తాయా భాయ్?" అన్నాను.

"తెలుస్తదో తెల్వదో, చూస్తే పోయేదేముంది? ఇంట్ల అందరు నన్ను పరేషాన్ చేస్తున్నరు."

నిజమే, పోయేదేముంది. సరదాగా ఏ వారం నాటి వానలు ఆ వారానికి విడదీసి కూడిక వేశాను. పాత ఏళ్ళలో ఆదివారం వాన మొత్తం కలిపినా సున్నా. సోమవారం మాత్రం మిగతా రోజులకు ఇంచుమించు రెట్టింపు. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. "దేఖో మేడమ్, ఐతవారం ఫిక్స్!" అంటూ అక్కడికక్కడే ఇంటికి ఫోన్ కలిపారు. నేను మాత్రం తెర మీది ఆ సున్నా దగ్గరే ఆగిపోయాను.

ఎందుకో చెబుతాను. పాతకాలం రెయిన్ గేజ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పైన రేకు గరాటు, కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఒక మనిషి వెళ్ళి సీసాలో నీళ్ళు కొలగ్లాసులో పోసి, అంకె చూసి, రిజిస్టర్లో రాసి, నీళ్ళు పారబోయాలి. ఆ మనిషి ఒకరోజు వెళ్ళకపోతే నీళ్ళు సీసాలోనే ఉంటాయి. మర్నాడు రెండు రోజుల వాన ఒక్క రోజు వానగా లెక్కకెక్కుతుంది. ఇక్కడ జరిగింది అదే. పాత రికార్డులో పెద్ద వానలని మేము ఏరుకున్నవాటిలో చాలా మటుకు సోమవారాలే. అవి ఉన్నదానికంటే పెద్దవిగా కనబడుతున్నాయి. ఆ తరవాత మనిషి అక్కర్లేని ఆటోమేటిక్ గేజ్ వచ్చింది, దాని వానలు నికరమైనవి. ఉబ్బిన పాత వానల పక్కన నికరమైన కొత్త వానలను నిలబెట్టి, రెండూ ఒకటే, పెరుగుదల లేదు అని నేను సంతకం పెట్టాను.

గురువారం నాడు కాంట్రాక్టర్‌తో అగ్రిమెంటు. మధ్యలో ఉన్నవి ఐదు రోజులు.

నాకు మొదట వచ్చింది కోపం. ఆ పాత గేజ్ ఒక మిషన్ స్కూలు ఆవరణలో ఉండేది. ఆ ప్రాంతానికి అంత పాత రికార్డు ఉన్నది దానికొక్కదానికే. ముప్ఫై ఏళ్ళ పాటు వాన కొలిచింది ఆ స్కూలు సైన్సు మాష్టారు. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. రిటైరై మౌలాలిలో ఉంటున్నారని స్కూల్లో చెప్పారు. ఆదివారం నాడు కొలవకుండా దర్జాగా సున్నాలు వేసిన మనిషిని నిలదీయాలని శనివారం పొద్దున్నే బయలుదేరాను. దారి పొడుగునా ఏమేం అడగాలో వరస పెట్టుకున్నాను.

ఎనభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, తీర్చి దువ్విన తెల్ల జుట్టు, బల్ల మీద అట్ట వేసిన కీర్తనల పుస్తకం. కోస్తా నుంచి చిన్నప్పుడే వచ్చినా మాటలో ఆ వైపు యాస పోలేదు.

"రండమ్మా, కూర్చోండి. ఎండనపడి వచ్చారు, మంచినీళ్ళు తాగండి ముందు."

నేను నీళ్ళు తాగకుండానే అడిగేశాను. "మాష్టారూ, మీరు ఆదివారాలు వాన కొలిచేవారు కాదా?"

"కాదండి" అన్నారు, తడుముకోకుండా. "ఆదివారం పొద్దున మాకు ఆరాధన. పాటల బృందాన్ని నడిపేది నేనేనండి. పైగా స్కూలు గేటు తాళం వేసి ఉండేది. ఆ సంగతి చేరేరోజే మీ ఆఫీసులో చెప్పాను. మీ పెద్ద ఇంజనీరుగారు, ఆరు రోజులు కొలిచినా చాలు మాష్టారూ అన్నారు."

"మరి సున్నాలెందుకు వేశారు?"

అప్పటిదాకా నవ్వుతున్న మొహం మారింది. "సున్నానా? నేను వేశానా?"

లేచి లోపలికెళ్ళారు. రేకు పెట్టె తెరిచిన చప్పుడైంది. కాసేపటికి నల్ల అట్ట రిజిస్టర్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. ఆఫీసుకు ఒకటి పంపి, ఇంకొకటి తన దగ్గర ఉంచుకునేవారట. మొదటి అట్ట లోపలి వైపు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఆదివారం గీత ఉన్నచోట కొలవలేదని గ్రహించవలెను. ఎర్ర బ్రాకెట్ వేసినది రెండు రోజుల వాన. ఒక్క రోజుదిగా లెక్కించవద్దు." వద్దు అన్నమాట కింద రెండు గీతలు. పేజీలు తిప్పాను. ప్రతి ఆదివారం పక్కన చిన్న అడ్డగీత. వాన పడ్డ వారాల్లో ఆదివారాన్ని, సోమవారాన్ని కలుపుతూ ఎర్రసిరాతో బ్రాకెట్. ఎక్కడా తప్పలేదు.

"కొలవనిదాన్ని సున్నా అని రాస్తే వాన పడలేదని అబద్ధం చెప్పినట్టు కదమ్మా" అన్నారు, పిల్లలకు చెప్పినట్టు.

ఆ ఎర్రసిరా నేను ఇదివరకు చూశాను. ఎక్కడ చూశానో గుర్తొచ్చేసరికి ఆ కుర్చీలో నేను కూర్చోలేకపోయాను. మా ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చిన ఏడు, పాత రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించే పని కుర్ర ఇంజనీరునని నాకు అప్పగించారు. ఇద్దరు టైపిస్టులు కొడుతుంటే వెనక నిలబడి నేనే చెప్పాను. గీత ఉంటే సున్నా కొట్టండి అన్నాను. ఎర్రసిరా సంగతేమిటని వాళ్ళు అడిగారు కూడా. "రాసింది స్కూలు మాష్టారు. మాష్టార్లకు ఎర్రసిరాతో దిద్దడం అలవాటు. ఊరికే దిద్దుకున్నారు, అది వదిలెయ్యండి, తొందరగా కానివ్వండి" అన్నాను. అట్ట లోపలివైపు చూడాలని నాకు తోచనే లేదు. పని గడువుకు ముందే అయిందని మెచ్చుకున్నారు. ఆ మెప్పు చాలా రోజులు తలచుకుని మురిసిపోయాను.

"మాష్టారూ, ఆ సున్నాలు నావి" అన్నాను.

ఆయన తిడతారనుకున్నాను. "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగారు.

"లెక్క మళ్ళీ చేస్తాను."

"చేసి?"

"తప్పని తేలితే చెబుతాను."

"ఎవరికి?"

మాష్టార్లు రిటైరైనా ప్రశ్నలు అడగడం మానరు. "మా పైవాళ్ళకు" అన్నాను. ఆయన రిజిస్టర్‌ను న్యూస్‌పేపర్లో చుట్టి నా చేతికిచ్చి, అప్పుడు మంచినీళ్ళ గ్లాసు మళ్ళీ నా ముందుకు జరిపారు.

సోమవారం భాయ్, నేను రికార్డు గదిలో దుమ్ములో కూర్చుని ఆఫీసు రిజిస్టర్లన్నీ తీశాం. అన్నిట్లోనూ అదే గీత, అదే బ్రాకెట్, అట్ట లోపల అదే హెచ్చరిక. భాయ్ తలపట్టుకున్నారు. "అంటే మేడమ్, ఐతవారం వాన పడతదా?" అన్నారు. పడుతుందన్నాను. అప్పటికే కార్డులు ప్రింటుకు పోయాయి. నికా పెట్టుకున్న ఆదివారం వాన పడనే పడింది, షామియానా మీద తాటిపత్రీలు కప్పి వాటి కింద బిర్యానీ తిన్నాం. పెళ్ళి మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

లెక్క మళ్ళీ చేశాను. రెండు రోజుల వానను ఇంత నిన్నటిది, ఇంత ఇవాళ్టిది అని ఇప్పుడు విడదీయలేం. అంచేత తిరగేసి ఆలోచించాను. కొత్త గేజ్ ఏళ్ళలో కూడా ఆదివారం, సోమవారం వానలను కలిపేశాను. మాష్టారు ఎలా కొలిచారో అలాగే కొత్త కాలాన్నీ కొలిచినట్టయింది. అప్పుడు ప్రతి ఏడాది పెద్ద వాననూ దాని తరవాత వచ్చిన ప్రతి ఏడాదితో జతకట్టి, ఏది పెద్దదో రాసుకుంటూ పోయాను. తరవాతి ఏడాది గెలిచిన జతలు ఎంత ఎక్కువున్నాయంటే, యాదృచ్ఛికం అనుకోవడానికి వీల్లేదు. సోమవారాలు పూర్తిగా తీసేసి ఇంకోసారి చేశాను. మళ్ళీ అదే జవాబు. పెద్ద వానలు పెరుగుతున్నాయి. ఆ బస్తీకి ఆరడుగుల నాలా చాలదు, తొమ్మిదడుగులు కావాలి.

బుధవారం నోట్ పెట్టాను. గురువారం పొద్దున్నే మా పై అధికారి ఎస్.ఈ. గారు పిలిచారు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, తెలివైనవాడు, చెడ్డవాడు కాదు.

"మేడమ్, టెండర్ అయిపోయింది. ఇంకో గంటలో కాంట్రాక్టర్ సంతకం పెడతాడు. ఇప్పుడు తొమ్మిదంటే అంతా మళ్ళీ షురూ చేయాలె. అవతల మీ ప్రమోషన్ ఫైల్ పైన ఉంది. రెండేండ్ల సర్వీసుకు ఎందుకీ తక్లీఫ్?"

"ఆరడుగులు కడితే చివరి ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి సార్."

"ఇప్పుడు రావట్లేదా?"

"ఇప్పుడు వస్తే పాత కాలువ తప్పు. కట్టాక వస్తే నా తప్పు."

ఆయన గొంతు తగ్గించారు. "సరే, మారుద్దాం. కానీ కారణం ఏమని రాయాలె? వాన కొలిచిన మనిషి నిర్లక్ష్యం అని రాద్దాం. ఆయన ఎప్పుడో రిటైర్ అయిండు, ఎవరూ అడగరు. మీకు మచ్చ రాదు, ప్రమోషనూ ఆగదు."

నిజం చెబుతున్నాను, నేను వెంటనే కాదనలేదు. ఆ కుర్చీ మీద నాకు ఆశ ఉండేది. ఆడమనిషి నాలాలేం కొలుస్తుందని నవ్విన ఆఫీసులో, గది బయట నా పేరు బోర్డు చూసుకోవాలని పాతికేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం మౌలాలి దాకా వెళ్ళదు. వెళ్ళినా ఎనభై ఏళ్ళ మనిషి వచ్చి పోట్లాడడు. ఇవన్నీ ఆలోచించాను. అప్పుడు సంచిలోంచి రిజిస్టర్ తీసి, మొదటి అట్ట తెరిచి ఆయన ముందు పెట్టాను.

"రిజిస్టర్లో తప్పు లేదు సార్. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు తప్పు చేసింది నేను. కారణం అదే రాయండి."

ఆయన అట్ట లోపల రాసింది చదివారు. రెండు మూడు పేజీలు తిప్పారు. "మీరు బహుత్ మొండి మేడమ్" అని, ఫోన్ తీసి కాంట్రాక్టర్‌ను రావద్దని చెప్పారు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను. ప్రమోషన్ ఫైలు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది, నేను అదే కుర్చీలోంచి రిటైరయ్యాను. బాధపడ్డానా అంటే పడ్డాను. నా వెనక చేరినవాళ్ళు నాకు ఆర్డర్లిస్తుంటే మండేది కూడా. కానీ రికార్డులో మాష్టారి అంకెలకు ఇప్పుడు బ్రాకెట్లు ఉన్నాయి. ఆ సవరించిన రికార్డే మా ఇంటికొచ్చే కుర్ర ఇంజనీర్లు ఇవాళ వాడుతున్నారు. అది గట్టి రికార్డు, కళ్ళు మూసుకుని వాడుకోవచ్చని అనను గానీ, నేను మాత్రం దానికి పూచీ పడతాను.

బస్తీకి మళ్ళీ నేనే వెళ్ళాను. ఈసారి సున్నం గీత అరుగును దాటి గోడ దగ్గరికి పోయింది. ఆకుకూరలావిడ చేతిలో కట్ట కింద పడేసి లేచింది.

"మొన్న ఆరన్నరు, ఇయ్యాల తొమ్మిదంటున్నరు. ఏందీ మేడమ్, మీ లెక్కకు ఒక మాట లేదా?"

"మొన్నటి లెక్క తప్పమ్మా. తప్పు నాదే."

"తప్పు మీది, అరుగు నాదా?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. పెద్ద వాన గురించి చెప్పబోయాను. "నేనొచ్చినంక ఒక్క చుక్క సుత ఇంట్లకు రాలె, పోర్రి" అంది. అరుగు పోయింది. ఆమె గడప లోపల కూర్చుని కట్టలు కట్టుకోవడం మొదలుపెట్టింది, బేరం తగ్గిందని మా సైట్ ఇంజనీరుతో రోజూ తగువు.

కిందటేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం మొదలైన వాన మూడు గంటలు ఆగలేదు. అలాంటి వానను నేను లెక్కల్లో తప్ప చూసి ఎరగను. కొంచెం తెరిపి ఇవ్వగానే గొడుగు పట్టుకుని ఆటో ఎక్కాను. మా ఇంట్లోవాళ్ళు వద్దని మొత్తుకున్నారు. నేను వినే స్థితిలో లేను. బోయిన్‌పల్లి బస్తీ దగ్గర దిగాను.

నాలా నిండుగా పారుతోంది. ఎర్రటి నీళ్ళు, పైనుంచి కొట్టుకొస్తున్న క్యాబేజీ ఆకులు, హోరు. అంచుకు జానెడు కింద. ఆరడుగుల నాలాలో ఆ నీళ్ళు పట్టవు. నా బుర్ర దానంతట అదే లెక్క వేసింది. ఆ లెక్కన ఈపాటికి చివరి ఇంట్లో నడుం లోతు ఉండాలి. చివరి ఇంటి గడప లోపల ఆవిడ పాలకూర ముందేసుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక నేల పొడిగా ఉంది, ఒక మూల ఎవరో పసిపాప చాప మీద నిద్రపోతోంది.

ఆమె నన్ను గుర్తుపట్టింది. "నా అరుగు కూలగొట్టిన మేడమే గదా మీరు?"

"నేనేనమ్మా."

"జెర మీ కండ్లతోని చూడుర్రి" అంది నాలా వైపు చెయ్యి చాపి. "గింత గనం వాన పడ్డది. ఇంట్లకు నీళ్ళొచ్చినయా? రాలె. ఎన్నడు సుత రాలె. ఉత్తగనే నా అరుగు కొట్టిండ్రు."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రెండు కట్టలు పాలకూర ఇమ్మన్నాను. ఇస్తూ కూడా తిట్టింది, చిల్లర తీస్తూ కూడా తిట్టింది. గొడుగు కింద నిలబడి అన్నీ విన్నాను. నా నౌకరీలో గానీ, ఆ తరవాత గానీ అంత సంతోషంగా తిట్లు తిన్న రోజు ఇంకొకటి లేదు.